జొన్నరొట్టె కథ

పిల్లలూ! పొద్దుగూకే వేళ హైదరాబాదు నుంచి పటాన్‌చెరు వైపు పోయే రోడ్డు మీద మీరెప్పుడైనా ప్రయాణం చేశారా? లారీల హారన్లు, బస్సుల రొద, ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి ఇళ్ళకు పోయేవాళ్ళ మాటలు, అంతా గోలగా ఉంటుంది. అయినా చెవి ఒగ్గి వింటే ఆ గోలలో మరొక చప్పుడు కూడా వినిపిస్తుంది. టప, టప, టప, టప! రోడ్డు పక్కన పొయ్యి ముందు కూర్చుని ఒక అమ్మ జొన్నరొట్టె తడుతూ ఉంటుంది. నిమ్మకాయంత పిండిముద్ద ఆమె అరచేతుల కింద గిరగిర తిరుగుతూ చూస్తూండగానే పళ్ళెమంత అవుతుంది. ఆమె దాన్ని పెనం మీద వేస్తుంది, తడిచేత్తో ఒకసారి నిమురుతుంది, తిరగేస్తుంది. రొట్టె పూరీలాగా పొంగుతుంది. కొనేవాళ్ళు చుట్టూ నిలబడి తమ వంతు కోసం చూస్తూ ఉంటారు.

ఇది చూడటానికి చాలా చిన్న పని. కాని ఈ రొట్టె వెనక ఐదువేల ఏళ్ళ చరిత్ర ఉంది. రెండు ఖండాల రైతుల కష్టం ఉంది. కాస్త సైన్సు కూడా ఉంది. అంతేకాదు, ఈ రొట్టె ఒకప్పుడు మన పళ్ళాలలోనుంచి మాయమయేదాకా వచ్చింది. దాన్ని ఎవరు కాపాడారో, ఇక ముందు ఎవరు కాపాడాలో చెప్పుకుందాం.

రోడ్డు వెంట రుచులు

ముందుగా పటేల్‌గూడ ఎక్కడుందో తెలుసుకుందాం. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ మండలంలో, బీరంగూడకూ కిష్టారెడ్డిపేటకూ దగ్గరలో ఉన్న ఊరది. ఒకప్పుడు చుట్టూ మెట్టపొలాలున్న పల్లె. 1960ల్లో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం వచ్చింది. ఆ తరువాత పటాన్‌చెరులో పారిశ్రామికవాడ పెరిగింది. ఇప్పుడు పటేల్‌గూడ చుట్టూ ఎటు చూసినా కొత్త కాలనీలే.

పని ఉన్న చోటికి మనుషులు వస్తారు. శ్రీకాకుళం నుంచి, ఒడిషా నుంచి, బీహారు నుంచి, కర్ణాటక నుంచి ఈ ప్రాంతానికి ఎందరో వచ్చారు. వచ్చేవాళ్ళు పెట్టె, బేడా మాత్రమే తెచ్చుకోరు. తమ ఊరి తిండిని కూడా వెంట తెచ్చుకుంటారు. అంచేత ఈ ప్రాంతంలో ఒక బడిలో పది టిఫిను డబ్బాలు తెరిస్తే పది ఊళ్ళు తిరిగి వచ్చినట్టే!

ఒడిషా పిల్లవాడు ‘పఖాళ’ అంటాడు. అదేమిటా అని చూస్తే, నీళ్ళు పోసి పులియబెట్టిన అన్నం. మన చద్దన్నానికి దగ్గర చుట్టమే! బీహారు పిల్లవాడు ‘మడువా’ రొట్టె సంగతి చెబుతాడు. అది రాగిరొట్టె. ఆ రాగులనే తెలంగాణలో తైదలంటారు, శ్రీకాకుళం వైపు చోళ్ళంటారు. పేరు మారితే వస్తువు మారిందనుకుని మనం మోసపోతూ ఉంటాం.

పటాన్‌చెరు మీదుగా పోయే జాతీయ రహదారికి ఇప్పుడు 65వ నంబరు. దానికి ఒక కొస మచిలీపట్నం, రెండో కొస పూణె. సముద్రపుటొడ్డున బయలుదేరి ఈ రోడ్డు వెంట పోతూ, దారిలో ఏమేమి తినవచ్చునో చూడండి.

బందరులో బెల్లపు పాకంతో చేసే తొక్కుడు లడ్డు తిని బయలుదేరుతాం. కృష్ణ కాలువల వెంట ఎటు చూసినా వరిచేలే గనక అక్కడ భోజనమంటే అన్నమే. విజయవాడ, సూర్యాపేట దాటి హైదరాబాదు చేరితే బిర్యానీ ఘుమఘుమలు, ఇరానీ చాయ్ పొగలు ఎదురొస్తాయి. పటాన్‌చెరు, సంగారెడ్డి దాటి జహీరాబాదు వైపు పోయేకొద్దీ నేల రంగు ఎర్రబడుతుంది, పళ్ళెంలో రొట్టె కనబడుతుంది. అక్కడ జొన్నరొట్టెకు తోడు పుంటికూర పప్పో, పచ్చిమిరపకాయల తొక్కో ఉండాలి. పుంటికూర అంటే మరేదో కాదు, గోంగూరే!

జహీరాబాదు దాటగానే కర్ణాటక వస్తుంది. హుమ్నాబాదులో దాన్ని ‘జోళద రొట్టి’ అంటారు, గుత్తివంకాయ కూరతో పెడతారు. మరికొంత దూరం పోతే మహారాష్ట్రలోని షోలాపూరు. అక్కడ అదే ‘జ్వారీచి భాకరి’. దానికి జోడు వేరుశనగకాయల కారప్పొడి. పూణె చేరితే భాకరితోపాటు ‘పిఠలా’ అనే శనగపిండి కూర వస్తుంది. మూడు రాష్ట్రాలు, మూడు భాషలు, రొట్టె మాత్రం ఒకటే!

కర్ణాటకలోనూ షోలాపూరులోనూ ‘కడక్’ రొట్టె అని ఒకటి చేస్తారు. అది అప్పడంలాగా కరకరలాడుతుంది. పలచగా తట్టి, తడి అనేది లేకుండా బాగా ఆరబెడతారు. బూజు పెరగాలంటే తడి కావాలి. తడే లేకపోతే బూజు ఎలా బతుకుతుంది? అంచేత ఆ రొట్టెలు చాలా రోజులు నిలవ ఉంటాయి. దూర ప్రయాణాలకు పోయే వాళ్ళు మూటకట్టి తీసుకుపోతారు. బిస్కెట్ల పొట్లం లేని కాలంలో మన పెద్దలు కనిపెట్టిన బిస్కెట్టు అన్నమాట!

వేడినీళ్ళ రహస్యం

గోధుమపిండిని చన్నీళ్ళతో కలిపి, అప్పడాలకర్రతో ఒత్తి చపాతీ చేస్తారు. జొన్నపిండిని అలా చేసి చూడండి. అంచులు పగులుతాయి, ఎత్తబోతే ముక్కలవుతుంది. జొన్నరొట్టె చేసే అమ్మ మాత్రం పిండిలో మరిగే నీళ్ళు పోసి, ముందు గరిటెతో కలిపి, చెయ్యి తాళగలిగినంత వేడికి వచ్చాక బాగా పిసుకుతుంది. ఎందుకు?

దీనికి కారణం మీరే కనుక్కోవచ్చు. కాస్త గోధుమపిండి ముద్ద తీసుకుని, గిన్నెలో నీళ్ళు పోసి, ఆ నీళ్ళలో ముద్దను మెల్లగా పిసుకుతూ ఉండండి. నీళ్ళు పాలలాగా తెల్లబడతాయి. నీళ్ళు మార్చి మళ్ళీ పిసకండి. చివరకు మీ చేతిలో రబ్బరులాగా సాగే జిగురుముద్ద ఒకటి మిగులుతుంది. దాని పేరు గ్లూటెన్. గోధుమలలో ఉండే మాంసకృత్తులు నీటితో కలిసినప్పుడు ఈ గ్లూటెన్ వల అల్లుకుంటుంది. చపాతీ సాగేది ఆ వల వల్లనే. ఇప్పుడు జొన్నపిండి ముద్దను అలాగే కడిగి చూడండి. చేతిలో అలా సాగే ముద్ద ఏదీ మిగలదు. జొన్నలలో గ్లూటెన్ లేదు.

వల లేదు గనక జొన్నపిండిని పట్టి ఉంచటానికి వేరే ఉపాయం కావాలి. ఆ ఉపాయమే వేడినీళ్ళు. పిండిలో ఎక్కువ భాగం స్టార్చి, అంటే గంజిపదార్థం. అది సన్నని రేణువులుగా ఉంటుంది. సుమారు 70 డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగిలేసరికి ఆ రేణువులు నీళ్ళు పీల్చి, ఉబ్బి, జిగురుగా మారుతాయి. అన్నం వార్చిన గంజి చల్లారితే చిక్కబడుతుందే, అదే జిగురు. మరిగే నీళ్ళు పోసినప్పుడు జొన్నపిండిలో కొంతభాగం అలా గంజి అయి, మిగతా పిండిని అతికించి ఉంచుతుంది. నీళ్ళు తక్కువైతే రొట్టె పగులుతుంది. ఎక్కువైతే చేతులకు అంటుకుంటుంది.

“ఎన్ని నీళ్ళు పొయ్యాలి అవ్వా?” అని రొట్టెలు చేసే ముసలమ్మను అడిగి చూడండి. “చెయ్యే చెప్తది బిడ్డా!” అంటుంది. ఆమె అన్నది నిజమే. పిండి పాతదా కొత్తదా, మెత్తగా పట్టిందా బరకగా ఉందా అనే దాన్నిబట్టి నీటి కొలత మారుతుంది.

జొన్నపిండిని ఒక్కసారిగా ఎక్కువ పట్టించి పెట్టుకోరు. ఏ వారానికావారం జొన్నలు గిర్నికి తీసుకుపోయి పట్టించుకుంటారు. జొన్నగింజలో మొలకవచ్చే భాగంలో నూనె ఉంటుంది. పిండి పట్టాక గాలి తగిలి ఆ నూనె త్వరగా చెడుతుంది. అప్పుడు పిండి ముక్కవాసన వేస్తుంది, చేదెక్కుతుంది, రొట్టె కూడా సరిగా రాదు.

మరి రొట్టె పెనం మీద వెయ్యగానే పైన తడిచేత్తో నిమరటమెందుకు? పైన ఉన్న పొడిపిండి తడిసి, పగుళ్ళు పూడిపోయి, మీద ఒక సన్నని పొర ఏర్పడుతుంది. తిరగేశాక ఆ పొర కాలి గట్టిపడుతుంది. లోపలి తడి ఆవిరి అవుతుంది. నీరు ఆవిరిగా మారితే దానికి పదహారువందల రెట్లకు పైగా చోటు కావాలి. బయటకు పోయే దారి లేక ఆ ఆవిరి పై పొరను పైకి నెడుతుంది. రొట్టె పొంగిందంటే అర్థం అదే. పొరలో ఎక్కడైనా చిల్లు ఉందా, ఆవిరి తుస్సుమని పోతుంది, రొట్టె పొంగదు.

ఈ పరీక్షలు చేసేటప్పుడు మరిగే నీళ్ళ జోలికి మీరు పోకండి. అమ్మనో నాన్ననో పొయ్యమనండి.

పండుగనాటి అన్నం

మన తాతముత్తాతల కాలంలో ఈ మెట్టప్రాంతాల్లో చాలా ఇళ్ళలో వరి అన్నం రోజూ వండేవాళ్ళు కాదు. పండుగ వచ్చినా, చుట్టం వచ్చినా వండేవాళ్ళు. మిగతా రోజుల్లో పొద్దున జొన్న అంబలి, మధ్యాహ్నం జొన్న గటక, రాత్రికి రొట్టె. వాన సరిగా కురవని నేలలో వరి ఎలా పండుతుంది? వరిమడిలో నీళ్ళు నిలబడాలి. జొన్నకు ఆ అవసరం లేదు. దాని వేళ్ళు లోతుకు పోయి తడిని వెతుక్కుంటాయి. ఆకుల మీద మైనంలాంటి పూత ఉండి, లోపలి నీరు ఆవిరి కాకుండా కాపాడుతుంది. మరీ ఎండ కాస్తే ఆకులు చుట్టలు చుట్టుకుంటాయి. వాన వచ్చేదాకా మొక్క ఎదగటం ఆపి కాచుకుని ఉంటుంది. వాన పడగానే మళ్ళీ ఎదుగుతుంది.

తరువాత కాలం మారింది. కాలువలు వచ్చాయి, బోర్లు వచ్చాయి. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేదలకు కిలో రెండు రూపాయలకే బియ్యం ఇవ్వసాగింది. ఆకలితో పడుకునే ఎన్నో ఇళ్ళలో అన్నం ఉడికింది. అది చిన్న మేలు కాదు. పండుగనాటి అన్నం రోజూ దొరుకుతూంటే ఎవరికి మాత్రం సంతోషం ఉండదు?

కాని దాని వెంట మరొకటి కూడా జరిగింది. జొన్నరొట్టె తినేవాణ్ణి లేనివాడిగా చూడటం మొదలయింది. బడిపిల్లలు డబ్బాలో రొట్టె తీసుకుపోవటానికి సిగ్గుపడ్డారు. తినేవాళ్ళు తగ్గితే కొనేవాళ్ళు తగ్గుతారు. కొనేవాళ్ళు తగ్గితే పండించేవాళ్ళు తగ్గుతారు. విత్తనం ఒక్క ఏడు వెయ్యకపోతే ఫరవాలేదు, పదేళ్ళు వెయ్యకపోతే ఇంట్లో దాచిన గింజ మొలవదు. పచ్చజొన్న, తెల్లజొన్న, ఎర్రజొన్న అంటూ రకరకాలుగా పండిన జొన్నలలో కొన్ని రకాలు అలాగే పోయాయి.

ఈనాడు పెద్దవాళ్ళు జొన్నరొట్టె కోసం మళ్ళీ వెతుకుతున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన ఆహార పదార్థాల పట్టికలు ప్రచురించింది. వాటి ప్రకారం 100 గ్రాముల జొన్నలలో సుమారు 10 గ్రాముల పీచుపదార్థం ఉంది. తెల్లబియ్యంలో 3 గ్రాములకు లోపే. రక్తానికి కావలసిన ఇనుము జొన్నలలో 4 మిల్లీగ్రాముల దాకా ఉంటే, తెల్లబియ్యంలో 1 మిల్లీగ్రాము కూడా లేదు. ఒకప్పుడు లేనివాళ్ళ తిండి అన్న రొట్టెను ఇప్పుడు కార్లు ఆపి కొంటున్నారు!

మట్టికుండల్లో దాచిన విత్తనాలు

మరి అందరూ వదిలేస్తున్న రోజుల్లో జొన్నలను వదలనివాళ్ళు ఎవరు? సంగారెడ్డి జిల్లాలోనే, జహీరాబాదు దగ్గర పస్తాపూర్ అనే ఊరుంది. అక్కడ 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ మొదలయింది. చుట్టుపక్కల గ్రామాల పేద ఆడవాళ్ళు అందులో సంఘాలుగా చేరారు. వాళ్ళలో చాలామంది బడి మొహం చూడనివాళ్ళు. కాని ఏ నేలలో ఏ గింజ వెయ్యాలో, దేనికి తోడు ఏది వెయ్యాలో వాళ్ళకు బాగా తెలుసు.

వాళ్ళ చేలలో ఒక్క పంటే ఉండదు. జొన్న సాలు పక్కన కంది, దాని పక్కన పెసర, మినుము, కొర్ర, నువ్వు, ఇలా ఒకే చెలకలో ఇరవై రకాల దాకా ఉంటాయి. వాన ముందు వచ్చినా, ఆలస్యంగా వచ్చినా ఏదో ఒకటి పండి తీరుతుంది. కోతలప్పుడు మంచి కంకులు ఏరి, గింజలను ఆరబెట్టి, బూడిదా వేపాకూ కలిపి కుండల్లోనో బుట్టల్లోనో దాస్తారు. ఎవరికైనా విత్తనం కావలిస్తే డబ్బు తీసుకోరు. పంట వచ్చాక తీసుకున్నదానికన్న కాస్త ఎక్కువగా గింజలే తిరిగి ఇమ్మంటారు.

1990ల నడిమి సంవత్సరాల్లో ఈ సంఘాలవాళ్ళు మరొక పని చేశారు. బీడు పడిన చెలకలను మళ్ళీ దున్ని, జొన్నలు పండించి, ఊళ్ళోనే నిలవ చేసి, ఆకలి రోజుల్లో తక్కువ ధరకు పేదలకు పంచారు. అంటే బియ్యం బదులు ఊరి జొన్నలతో తమ సొంత రేషను నడుపుకున్నారన్నమాట!

ఏటా సంక్రాంతి రోజుల్లో అక్కడ ‘పాతపంటల జాతర’ మొదలవుతుంది. ఎడ్లబండ్లను అలంకరించి, విత్తనాల బుట్టలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. 2008లో మాచ్‌నూరులో ‘సంఘం రేడియో’ వెలిసింది. పల్లెటూరి ఆడవాళ్ళే మైకు ముందు కూర్చుని పంటల సంగతులు, వంటల సంగతులు తమ యాసలోనే చెప్పారు. 2019లో ఈ సంఘాల కృషికి ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఈ సంస్థను నెలకొల్పినవారిలో ఒకరైన పి.వి. సతీష్ 2023లో కన్నుమూశారు. ఆ 2023వ సంవత్సరాన్నే ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది.

చలిగదిలో దాచిన విత్తనాలు

విత్తనాలు దాచే ఇల్లు మరొకటి పటేల్‌గూడకు ఇంకా దగ్గరలో ఉంది. అదే పటాన్‌చెరులోని ఇక్రిశాట్. వానల మీదనే ఆధారపడిన మెట్టరైతుల కోసం 1972లో నెలకొల్పిన అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలు దీని ముఖ్య పంటలు.

ఇక్కడొక జన్యుబ్యాంకు ఉంది. బ్యాంకు అనగానే డబ్బు అనుకునేరు! ఇందులో దాచేది విత్తనాలు. 144 దేశాల నుంచి సేకరించిన విత్తన నమూనాలు లక్షా ఇరవై వేలకు పైగా ఉన్నాయి. కొన్నాళ్ళకు కావలసిన వాటిని 4 డిగ్రీల చల్లని గదిలో పెడతారు. చాలాకాలం నిలవుండవలసిన వాటిని బాగా ఎండబెట్టి, గాలి చొరని పొట్లాల్లో పెట్టి, సున్నాకు 20 డిగ్రీలు తక్కువగా ఉండే గదిలో ఉంచుతారు. ఆ చలిలో గింజ చావదు, నిద్రపోతుంది.

అయినా గింజను అలా వదిలేస్తే చాలదు. అప్పుడప్పుడు కొన్ని గింజలు తీసి మొలకెత్తించి చూస్తారు. మొలిచేవి తగ్గిపోతూంటే, మిగిలినవాటిని పొలంలో విత్తి, కొత్త గింజలు పండించి, మళ్ళీ గదిలో పెడతారు. ఇంత జాగ్రత్త చేసి కూడా, ఏదైనా ప్రమాదం వస్తుందేమోనని నకళ్ళు మరొక చోట దాస్తారు. ఉత్తరధ్రువానికి దగ్గరగా, నార్వే దేశపు స్వాల్‌బార్డ్ దీవుల్లో కొండను తొలిచి కట్టిన విత్తనాల గిడ్డంగి 2008లో తెరిచారు. పటాన్‌చెరు జొన్నలు అక్కడి మంచుకొండలో కూడా నిద్రపోతున్నాయి!

ఇలా దాచటం వల్ల లాభమేమిటి? కరువులు, యుద్ధాలు వచ్చినప్పుడు రైతులు ఆకలికి తాళలేక విత్తనాలు కూడా వండుకు తినేస్తారు. తరువాత విత్తటానికి ఏమీ మిగలదు. ఇథియోపియా, సోమాలియా, కెన్యా వంటి దేశాలకు, ఒకప్పుడు అక్కడినుంచే తెచ్చిన జొన్నరకాలను ఈ బ్యాంకు మళ్ళీ పంపింది. అవును మరి, జొన్న పుట్టిల్లు ఆఫ్రికాయే! ఈశాన్య ఆఫ్రికాలో మనుషులు సుమారు ఐదువేల ఏళ్ళ కిందట దాన్ని సాగుచెయ్యటం నేర్చారు. సముద్రం దాటి అది మన దేశానికి వచ్చింది.

అందుకే జొన్న వంటకు ఆఫ్రికాలో ఎందరో బంధువులున్నారు. సూడానులో పులిసిన జొన్నపిండిని పెనం మీద దోసెకన్న పలచగా పోసి ‘కిస్రా’ చేస్తారు. మాలి, బుర్కినా ఫాసో దేశాల్లో ‘తో’ అనే వంటకం ఉంది. అది అచ్చం మన సంకటిలాగే గట్టిగా ఉంటుంది, పులుసులో ముంచుకు తింటారు. సూడాను అమ్మా, జహీరాబాదు అమ్మా ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా, ఒకరి వంట ఒకరు చూస్తే వెంటనే అర్థం చేసుకుంటారు.

ఇథియోపియాలో 1950లో ఒక పూరిగుడిసెలో ఒక పిల్లవాడు పుట్టాడు. పేరు గెబిసా ఎజెటా. వాళ్ళమ్మకు కొడుకును చదివించాలని పట్టుదల. బడి 20 కిలోమీటర్ల దూరాన ఉంది. ఆదివారం రాత్రి నడిచిపోయి, వారమంతా అక్కడ చదువుకుని, శుక్రవారం నడిచి ఇంటికి వచ్చేవాడు. పెద్దవాడై అమెరికాలో వ్యవసాయశాస్త్రం చదివి, 1979లో ఇక్రిశాట్ తరఫున సూడానులో పనిచెయ్యటానికి వెళ్ళాడు. అక్కడ ఆయన తయారుచేసిన, కరువుకు తట్టుకునే సంకరజాతి జొన్న 1983లో రైతుల చేతికి వచ్చింది. జొన్న వేళ్ళకు అంటుకుని దాని సారం పీల్చే స్ట్రైగా అనే కలుపుమొక్కకు తట్టుకునే రకాలను కూడా ఆయన తరువాత తయారుచేశాడు. 2009లో ఆయనకు ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు.

దాచలేనిది ఒకటుంది

ఇంతవరకూ చదివాక మీకు ధైర్యం కలిగే ఉంటుంది. కుండల్లో విత్తనాలున్నాయి, చలిగదిలో ఉన్నాయి, మంచుకొండలో ఉన్నాయి. ఇక జొన్నరొట్టెకు భయమేమిటి అనుకుంటారు.

కాని ఒక్క సంగతి ఆలోచించండి. చలిగదిలో గింజను దాచవచ్చు. “చెయ్యే చెప్తది” అన్న అవ్వ చేతిని ఏ గదిలో దాస్తాం? ఎంత వేడి నీళ్ళు పొయ్యాలో, ఎంతసేపు పిసకాలో, పిండిముద్దను ఏ వేలితో తిప్పితే అంచు పగలదో, ఆ విద్య ఏ పొట్లంలోనూ పట్టదు. అది ఒక చేతిని చూసి మరొక చెయ్యి నేర్చుకోవలసిందే. నేర్చుకునే చెయ్యి లేకపోతే, విత్తనం భద్రంగా ఉండి కూడా రొట్టె పోతుంది. తినేవాళ్ళు లేకపోతే చివరకు ఆ విత్తనం కూడా గదిలో నిద్రపోవలసిందే, పొలంలో నిద్రలేవదు.

అంచేత ఈ పని శాస్త్రజ్ఞులదీ రైతులదీ మాత్రమే కాదు, మీదీ, మీ అమ్మానాన్నలదీ కూడా. అదేమంత కష్టమైనది కాదు. ఒక పుస్తకం తీసుకుని దానికి ‘రుచుల పుస్తకం’ అని పేరు పెట్టండి. సెలవులకు అమ్మమ్మ ఊరికి వెళితే, అమ్మమ్మ చిన్నప్పుడు ఏం తినేదో అడిగి రాయండి. దాన్ని వండే తీరు పక్కన నిలబడి చూసి రాయండి. “కాస్త నీళ్ళు” అంటే ఆ కాస్త ఎంతో గ్లాసుతో కొలిచి రాయండి. మీరూ ఒక రొట్టె తట్టి చూడండి. మొదటిది ముక్కలవుతుంది, రెండోది దేశపటంలాగా వస్తుంది. ఫరవాలేదు, అది కూడా తినవచ్చు!

ప్రయాణం చేసినప్పుడు ఆ ఊరి తిండి ఏదో ఒకటి రుచి చూడండి. దాని పేరూ, ఊరి పేరూ, దేనితో చేశారన్నదీ రాసుకోండి. నచ్చకపోతే నచ్చలేదని రాసుకోవచ్చు, కాని “ఛీ” అని మాత్రం అనకండి. అది ఎవరో ఒక అమ్మ తన పిల్లలకు ఇష్టంగా పెట్టే తిండి. బడిలో మీ పక్కన కూర్చునే పిల్లవాడు తన డబ్బా మూత చాటుచేసుకుని తింటున్నాడంటే, ఎవరో నవ్వి ఉంటారన్నమాట. మీ డబ్బాలోది కొంచెం అతనికి పెట్టి, అతనిది కొంచెం అడగండి. అతని రుచి మీ పుస్తకంలో చేరుతుంది. రేపటినుంచి అతను మూత పూర్తిగా తెరుస్తాడు.

పటేల్‌గూడ దగ్గర కొత్త కాలనీలు ఇంకా లేస్తూనే ఉన్నాయి. ఆ ఇళ్ళలోకి ఇంకెన్నో ఊళ్ళ నుంచి పిల్లలు వస్తారు, వాళ్ళతో వాళ్ళ అవ్వలు కూడా వస్తారు. ఆ అవ్వల చేతుల్లో ఎన్ని వంటలున్నాయో ఇప్పటిదాకా ఎవరూ లెక్కపెట్టలేదు. పెన్సిలు చెక్కుకుని, మీరు మొదలుపెట్టండి.